వెల్డ్ బ్రాకెట్ ఫెటీగ్ ఆయుష్షు: స్పెక్ట్రల్ లెక్కకీ రెయిన్‌ఫ్లో లెక్కకీ ఇంత తేడా ఎందుకు?

ట్రక్ ఛాసిస్‌కి వెల్డ్ చేసిన స్టీల్ బ్యాటరీ బ్రాకెట్ ఇది. పదేపదే పడే లోడుతో పగులు వచ్చే దాకా (ఫెటీగ్) ఎన్ని గంటలు పడుతుందో లెక్కేస్తున్నాం. వెల్డ్ అంచు పక్కన స్ట్రెయిన్ గేజ్ పెట్టి, సెకనుకు 512 శాంపిళ్ల చొప్పున 30 నిమిషాలు రికార్డు చేశాం. స్ట్రెస్ ఆర్‌ఎంఎస్ (వర్గాల సగటుకు వర్గమూలం) 18 మెగాపాస్కల్. సిగ్నల్ సెకనుకు 22 సార్లు సున్నాను పైకి దాటుతోంది, పీకులు 50. అంటే ఇర్రెగ్యులారిటీ ఫ్యాక్టర్ (ఆ రెండింటి నిష్పత్తి) 0.44. ఎస్-ఎన్ కర్వ్ (ఎంత స్ట్రెస్‌కి ఎన్ని సైకిళ్లు తట్టుకుంటుందో చెప్పేది) ఫ్యాట్ 71, స్లోప్ 3 (20 లక్షల లోడు సైకిళ్ల దగ్గర రేంజ్, అంటే గరిష్ఠ కనిష్ఠాల తేడా, 71 మెగాపాస్కల్).

స్పెక్ట్రల్ పద్ధతిలో (సైకిళ్లను లెక్కపెట్టకుండా సిగ్నల్ గణాంకాల నుంచే అంచనా), సిగ్నల్‌ని నారో-బ్యాండ్ అనుకుని రేలీ డిస్ట్రిబ్యూషన్‌తో ఆయుష్షు 51.5 గంటలు వచ్చింది. సిగ్నల్ వైడ్-బ్యాండ్ కాబట్టి డ్యామేజ్‌ని తగ్గించే విర్షింగ్-లైట్ కరెక్షన్ 0.83 వేస్తే 62. అదే సిగ్నల్‌ని రెయిన్‌ఫ్లో చేసి (సైకిళ్లను ఒక్కొక్కటిగా విడదీసి లెక్కపెట్టి) ఒక్కో సైకిల్ డ్యామేజ్‌ని మైనర్ రూల్‌తో కూడితే 38 మాత్రమే!

రేంజ్ బదులు యాంప్లిట్యూడ్ (రేంజ్‌లో సగం) వాడితే స్లోప్ 3కి తేడా 8 రెట్లు ఉండాలి, కాబట్టి ఆ పొరపాటు కాదు. అనుమానమంతా కర్టోసిస్ (అరుదైన పెద్ద విలువలు ఎంత ఎక్కువో చెప్పే కొలత) మీదే: 4.6 ఉంది, గాసియన్‌కైతే 3. దీనికి వేసే వింటర్‌స్టైన్ కరెక్షన్‌తో డ్యామేజ్ 1.4 రెట్లయి, ఆయుష్షు 62 నుంచి 44 గంటలకు దిగింది. మిగతా తేడా స్పీడ్ బ్రేకర్ల దగ్గరి కుదుపులదేనా?

సిగ్నల్‌ని రోడ్డు రకాన్ని బట్టి ముక్కలు చేసి, ఒక్కోదానికి విడిగా పీఎస్‌డీ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శక్తి ఉందో చూపే స్పెక్ట్రమ్) తీసి డ్యామేజ్ కూడవచ్చా? అలా చేస్తే ఒక ముక్కలో మొదలై మరోదాంట్లో ముగిసే పెద్ద సైకిళ్లు జారిపోతాయి కదా, వాటిని ఎలా పట్టుకోవాలి?

ఇంకొకటి. కోటి సైకిళ్ల తర్వాత స్లోప్ 5 తీసుకుంటే డిర్లిక్ పీడీఎఫ్‌ని (పీఎస్‌డీ నుంచి రెయిన్‌ఫ్లో రేంజ్‌ల సంభావ్యతను అంచనా వేసే ఫార్ములా) న్యూమరికల్‌గా ఇంటిగ్రేట్ చేయాలి. రేంజ్ పై హద్దు ఆర్‌ఎంఎస్‌కి ఎన్ని రెట్ల దగ్గర ఆపుతున్నారు?