పాఠశాల కంప్యూటర్ గదికి ఎలాంటి అప్లికేషన్ మెనూ అనువుగా ఉంటుంది?

గణితం మాస్టారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పల్నాడు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. ఈ విద్యాసంవత్సరం నుంచి కంప్యూటర్ గది బాధ్యత కూడా నాకు అప్పగించారు. గదిలోనివన్నీ 4 జీబీ మెమరీ ఉన్న పాత యంత్రాలు. వాటిలో లినక్స్ వేసి లిబ్రేఆఫీస్, జీకాంప్రి, టక్స్ పెయింట్, జియోజిబ్రా, స్టెల్లారియం ఉంచాలని నిర్ణయించుకున్నాము. ప్రోగ్రాముల ఎంపికలో నాకు సందేహమేమీ లేదు. నా సందేహమంతా పిల్లలు వాటిని తెరిచే దారి గురించే.

లినక్స్‌లో తెర రూపాన్ని, మెనూలను ఇచ్చే డెస్క్‌టాప్‌లలో గ్నోమ్, కేడీఈ ప్లాస్మా, ఎక్స్‌ఎఫ్‌సీఈ మూడింటినీ పరీక్షించాను. గ్నోమ్‌లో సూపర్ కీ (విండోస్ గుర్తు ఉన్న కీ) నొక్కితే తెరిచి ఉన్న కిటికీలు, పైన వెతుకుడు పెట్టె, కింద చిహ్నాల వరుస కనిపిస్తాయి. మళ్లీ నొక్కితే తెర నిండా అప్లికేషన్ల చిహ్నాలు పరుచుకుంటాయి. ప్లాస్మాలో ఎడమవైపు వర్గాలు, కుడివైపు ఆ వర్గంలోని ప్రోగ్రాములు ఉంటాయి. ఎక్స్‌ఎఫ్‌సీఈలో పాతకాలపు మెనూ, విస్కర్ మెనూ అని రెండు రకాలు దొరికాయి. ఇవన్నీ నాకు బాగానే ఉన్నాయి. అయితే వాడేది నేను కాదు. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు పిల్లలు వారానికి ఒక పీరియడు మాత్రమే ఇక్కడికి వస్తారు, ఏ వారం ఏ యంత్రం ముందు కూర్చుంటారో చెప్పలేము, పైగా వారిలో చాలామంది ఇంటి దగ్గర ఫోను తప్ప మరొకటి చూడనివారు. ఉపాధ్యాయులేమో విండోస్‌కు అలవాటుపడినవారు.

వెతికి తెరిచే పద్ధతి, వర్గాల మెనూ, తెర నిండా చిహ్నాలు: ఈ మూడింటిలో ఇలాంటి గదికి ఏది తగినది? మీ అనుభవంతో పాటు కారణాలు కూడా రాస్తే, రేపు మా ప్రధానోపాధ్యాయులకు వివరించడానికి నాకు ఉపయోగపడుతుంది.

కృష్ణాతీరం

మాస్టారు గారూ, నేను వర్గాల మెనూ వైపే మాట్లాడతాను.

వెతుకుడు పెట్టెలో ఏదైనా టైపు చేయాలంటే ముందుగా దాని పేరో, కనీసం దాని పనిని చెప్పే మాటో మనకు గుర్తుకు రావాలి. మెనూలో అయితే జాబితా చూస్తూ పోయి, కావలసినది కంటబడినప్పుడు గుర్తుపడితే చాలు. జ్ఞాపకం నుంచి తీయడం కన్నా చూసి గుర్తుపట్టడం మనిషికి తేలిక అన్నది వాడుక సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ 1994లో ప్రకటించిన పది వాడుక సూత్రాలలో ఒకటి. స్టెల్లారియం అనే పేరు వినని పిల్లవాడు ఆ పెట్టెలో ఏమి టైపు చేస్తాడు? అదే పిల్లవాడు ‘విద్య’ అనే వర్గం తెరిస్తే, తాను అడగని నక్షత్రాల ప్రోగ్రాము కూడా కంటబడుతుంది. యంత్రంలో ఏమేమి ఉన్నాయో తెలియజెప్పడం కూడా మెనూ చేసే పనే. వెతుకుడు పెట్టెకు ఆ గుణం లేదు, అడిగినదే ఇస్తుంది.

ఈ వాదం కొత్తది కాదు. గ్నోమ్ 2లో పై పట్టీ మీద అప్లికేషన్లు, స్థలాలు, సిస్టమ్ అని మూడు మెనూలు ఉండేవి. 2011 ఏప్రిల్‌లో వచ్చిన గ్నోమ్ 3 వాటిని తీసేసి, సూపర్ కీతో తెరుచుకునే ఓవర్‌వ్యూ అనే తెరను తెచ్చింది. అదే నెలలో ఉబుంటు 11.04 యూనిటీ అనే తన సొంత డెస్క్‌టాప్‌ను అందరికీ ముందుపెట్టింది. ఆ మార్పు గిట్టనివారి కృషి వల్లనే పాత గ్నోమ్ 2 కోడ్ మేట్ పేరుతో కొనసాగింది, లినక్స్ మింట్‌వారు సినమన్ అనే డెస్క్‌టాప్‌ను తయారుచేసుకున్నారు. విండోస్‌లోనూ ఇదే జరిగింది. 2012లో విండోస్ 8 స్టార్ట్ మెనూ స్థానంలో తెర నిండే పలకలను పెట్టింది, 2015లో విండోస్ 10తో మెనూ తిరిగి వచ్చింది. జనం మార్పును ఇష్టపడరు అనే మాటతో దీన్ని కొట్టిపారేయడం నాకు న్యాయంగా తోచదు. చేస్తున్న పని మొత్తాన్ని కప్పేసే తెర ఒక్కసారిగా వచ్చినప్పుడు, ‘నేను ఏమి తెరవబోయాను’ అన్న తలంపే చెదిరిపోతుంది. చిన్న మెనూ అయితే ఒక మూల తెరుచుకుంటుంది, వెనుక ఉన్న పాఠం కనిపిస్తూనే ఉంటుంది.

అయితే అన్ని వర్గాల మెనూలూ ఒక్కటి కావు. వర్గం మీద మౌస్ పెడితే పక్కకు మరొక జాబితా, దాని నుంచి ఇంకొకటి విచ్చుకునే పాత మెనూలో, పాయింటర్ ఏటవాలుగా కదిలి పక్క వర్గం మీద పడిందంటే తెరిచిన జాబితా మూసుకుపోతుంది. మౌస్ పట్టడం ఇప్పుడే నేర్చుకుంటున్న చేతులకు అది పెద్ద శిక్ష. విస్కర్ మెనూలో వర్గాలు, ప్రోగ్రాములు ఒకే పెట్టెలో స్థిరంగా ఉంటాయి. వర్గం మీద మౌస్ ఆనగానే మారాలా, నొక్కితేనే మారాలా అన్నది మనం ఎంచుకోవచ్చు. మీ గదికి నొక్కితేనే మారేటట్టు పెట్టండి. ప్రోగ్రాము పేరుకు బదులు దాని పనిని చూపే సదుపాయం కూడా అందులో ఉంది. జింప్ అన్నచోట చిత్రాలను సవరించేది అని, ఫైర్‌ఫాక్స్ అన్నచోట వెబ్ బ్రౌజర్ అని కనిపిస్తే కొత్తవారికి ఎంతో మేలు.

సూపర్‌కీ

కృష్ణాతీరం గారి మాటల్లో కొంత నిజం ఉన్నా, గ్నోమ్‌ను 2011 నాటి రూపంతో తూచడం సరికాదని నా అభిప్రాయం. 2020 సెప్టెంబరులో వచ్చిన 3.38 నుంచి చిహ్నాలను మనకు నచ్చిన క్రమంలో లాగి పెట్టుకోవచ్చు, ఒకదాని మీద మరొకటి వేసి ఫోల్డరు చేసుకోవడం 2019 సెప్టెంబరు నాటి 3.34 నుంచే ఉంది. 2021 మార్చిలో వచ్చిన గ్నోమ్ 40లో పేజీలు పక్కకు జరిగే పద్ధతి వచ్చింది. ఫోను తెర మీద చిహ్నాలను పక్కకు నెట్టడం ఈ పిల్లలకు ఇప్పటికే తెలుసు. మాస్టారు గారే రాశారు కదా, ఇంటి దగ్గర వారు చూసింది ఫోను ఒక్కటే అని. అటువంటివారికి తెర నిండిన చిహ్నాలు కొత్త వస్తువు కాదు, వర్గాల మెనూయే కొత్తది.

వర్గాలతో మరొక చిక్కు ఉంది. ఏది ఏ వర్గంలో ఉండాలో నిర్ణయించేది వాడేవారు కాదు, ప్రోగ్రాము రాసినవారు. లినక్స్ డెస్క్‌టాప్‌లు పాటించే ఫ్రీడెస్క్‌టాప్ ప్రమాణంలో విద్య, విజ్ఞానశాస్త్రం, గ్రాఫిక్స్, ఆఫీసు, ఉపకరణాలు వంటి ముఖ్య వర్గాలు కొన్నే ఉన్నాయి. ఒకే ప్రోగ్రాము రెండు వర్గాల్లో కనిపించవచ్చు, లేదా మనం ఊహించని చోట ఉండవచ్చు. పీడీఎఫ్ చదివే ప్రోగ్రాము ఆఫీసులో ఉంటుందా, గ్రాఫిక్స్‌లో ఉంటుందా అన్నది నేటికీ నేను తెరిచి చూడనిదే చెప్పలేను.

వెతకడానికి పేరు తెలియాలన్నది కూడా పూర్తిగా నిజం కాదు. ప్రోగ్రాము పేరు, వివరాలు ఉండే డెస్క్‌టాప్ ఫైలులో కీవర్డులు అనే వరుస ఉంటుంది, గ్నోమ్ వెతుకులాట దాన్ని కూడా చూస్తుంది. తగిన మాటలు అందులో ఉంటే, ప్రోగ్రాము పేరు తెలియనివారు కూడా దాన్ని చేరుకుంటారు.

మెమరీ విషయంలో మాత్రం నేను వాదించను. 4 జీబీ యంత్రంలో గ్నోమ్ నడుస్తుంది గాని, బ్రౌజరు తెరిచిన తరువాత ఎక్స్‌ఎఫ్‌సీఈ అంత ఊపిరి మిగలదు.

వినికిడితోవ

నేను చూపు లేని వాడుకరిని, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఓర్కా అనే స్క్రీన్ రీడరుతో పని చేస్తాను. ఈ చర్చలో చిహ్నాల పరిమాణం, తెర మీద స్థానం గురించే ఎక్కువగా మాట్లాడుతున్నారు కనుక, మరొక వైపు కూడా చెప్పాలనిపించింది. మాస్టారు గారి పాఠశాలకు చూపు మందగించిన విద్యార్థి రేపు రావచ్చు.

నాకు అన్నిటికన్నా వేగమైనది వెతుకుడు పద్ధతే. కీ నొక్కి, రెండు మూడు అక్షరాలు టైపు చేసి, ఓర్కా పలికిన పేరు విని ఎంటర్ నొక్కుతాను. కాని అది నాకు ప్రోగ్రాముల పేర్లన్నీ తెలిసిన తరువాతి సంగతి. కొత్త యంత్రం ముందు కూర్చున్నప్పుడు వర్గాల మెనూలో బాణం కీలతో ఒక్కొక్కటిగా దిగుతూ వింటాను, ఎందుకంటే అక్కడ వరుసకు మొదలూ చివరా ఉంటాయి. తెర నిండిన చిహ్నాలలో అడ్డంగానూ నిలువుగానూ తిరగాలి, పేజీలు మారాలి, అందువల్ల ఎక్కడ ఉన్నానో మనసులో పట్టుకోవడం నాకు కష్టం. కనుక నేర్చుకునే దశలో ఒకటి, నేర్చిన తరువాత మరొకటి కావాలి. ఆ రెండూ ఒకే మెనూలో ఉంటే మేలు. విస్కర్‌లోనూ ప్లాస్మా మెనూలోనూ తెరవగానే టైపు చేసినా వెతుకుతుంది, బాణాలతో తిరిగినా పలుకుతుంది.

ఏ మెనూ ఎంచుకున్నా దానిని తెరిచే కీ అన్ని యంత్రాల్లోనూ ఒక్కటే ఉండేటట్టు చూడండి. రాతను మాటగా పలికే ఈస్పీక్ ఎన్‌జీలో తెలుగు స్వరం కూడా ఉంది, దాని ఉచ్చారణ కటువుగా ఉన్నా అర్థమవుతుంది.

గణితం మాస్టారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. వినికిడితోవ గారు చెప్పిన విషయం నా ఆలోచనలోకే రాలేదు. కీ ఒక్కటే ఉండాలన్న సూచనను తప్పక పాటిస్తాను.

మరొక సందేహం మిగిలింది. మా పిల్లల్లో తెలుగు మాధ్యమంవారు ఉన్నారు, డెస్క్‌టాప్ భాషను తెలుగులో ఉంచుదామని నా కోరిక. అలా ఉంచితే మెనూలో కొన్ని పేర్లు తెలుగులోనూ కొన్ని ఇంగ్లీషులోనూ వస్తున్నాయి. వెతకడం ఇంకా ఇబ్బంది, ఎందుకంటే కీబోర్డు మీద తెలుగు టైపు చేయడం వారికి ఇంకా రాదు. దీనికి మార్గం ఉందా?

తెనుగుతెర

ఉంది. స్థానికీకరణ పని చేసేవాడిగా ఈ ప్రశ్నకు వివరంగా జవాబు ఇస్తాను.

మెనూలో కనిపించే ప్రతి ప్రోగ్రాముకూ ఒక డెస్క్‌టాప్ ఫైలు ఉంటుంది. అందులో పేరు, సాధారణ నామం, వివరణ, కీవర్డులు, వర్గాలు ఉంటాయి. వర్గాలు తప్ప మిగిలిన నాలుగింటికీ తెలుగు భాషా సంకేతంతో మరొక వరుస చేర్చవచ్చు. డెస్క్‌టాప్ భాష తెలుగు అయినప్పుడు మెనూ ఆ వరుసనే చదువుతుంది, అది లేకపోతే ఇంగ్లీషు వరుసను చూపుతుంది. సగం తెలుగు, సగం ఇంగ్లీషు కనిపించడానికి కారణం ఇదే. అనువదించినవారు ఉన్న ప్రోగ్రాముకు తెలుగు ఉంది, లేనిదానికి లేదు. మీ గదిలో వాడే ప్రోగ్రాములు ఇరవైకి మించవు కాబట్టి, లేనివాటికి మీరే ఒక సాయంత్రం కూర్చుని రాయవచ్చు.

వెతుకులాట సమస్యకు పరిష్కారం కూడా ఆ ఫైలులోనే ఉంది. తెలుగు కీవర్డుల వరుసలో తెలుగు లిపి మాటలే ఉండాలన్న నియమం లేదు. టక్స్ పెయింట్‌కు బొమ్మ, రంగులు, చిత్రలేఖనం అని తెలుగులో రాసి, ఆ పక్కనే అవే మాటలను ఫోనులో సందేశాలు పంపేటప్పుడు రాసుకునే ఇంగ్లీషు అక్షరాలలోనూ, దానితో పాటు పెయింట్, డ్రాయింగ్ వంటి ఇంగ్లీషు మాటలనూ చేర్చండి. మాటకూ మాటకూ మధ్య సెమీకోలన్ ఉండాలి. అప్పుడు పిల్లవాడు ఏ లిపిలో టైపు చేసినా ప్రోగ్రాము దొరుకుతుంది. గ్నోమ్ వాడితే సూపర్, స్పేస్ కీలు కలిపి నొక్కి ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికకు మారవచ్చు గాని, ప్రోగ్రాము తెరవడానికే కీబోర్డు మార్చవలసి రావడం ఆరో తరగతి పిల్లలకు భారమే.

నా దృష్టిలో మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. ఏ మెనూ అన్న వాదం ఎంత చేసినా, అవన్నీ చదివేది ఈ ఫైళ్లనే. పేర్లు, కీవర్డులు, వర్గాలు మీ పిల్లలకు తగినట్టుగా ఉంటే విస్కర్ అయినా ప్లాస్మా అయినా పని చేస్తుంది. అవి తప్పుగా ఉంటే ఏ మెనూ ఆదుకోదు. సూపర్‌కీ గారు వర్గాలను ఇతరులు నిర్ణయిస్తారన్నారు, కాని ఆ వరుసను మార్చుకునే అధికారం ప్రమాణమే మనకు ఇచ్చింది. చేతితో రాయడం ఇష్టం లేకపోతే మెనూలిబ్రే అనే ప్రోగ్రాముతో ఎక్స్‌ఎఫ్‌సీఈ మెనూ అంశాలను సవరించవచ్చు. పిల్లలకు అక్కరలేని సెట్టింగుల ప్రోగ్రాములను దాచడానికి నోడిస్‌ప్లే అనే వరుస ఉంది. దాచితే మెనూ నుంచి మాయమవుతాయే గాని యంత్రం నుంచి తొలగిపోవు. మెనూ ఎంత చిన్నదైతే చూపు అంత త్వరగా కావలసినదాని మీద నిలుస్తుంది కనుక, మొదట ఈ పనే చేయమంటాను.

కృష్ణాతీరం

తెనుగుతెర గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. స్థానం గురించి మాత్రం ఒకటి చేరుస్తాను. గురి ఎంత దూరంలో ఉంది, ఎంత వెడల్పుగా ఉంది అన్నదాన్ని బట్టి చేరే సమయం ఉంటుందని మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లో చూపించాడు. తెర మూలకు వచ్చేసరికి పాయింటర్ దానంతట అదే ఆగిపోతుంది కాబట్టి, మూలన ఉన్న బటన్ ఎంత చిన్నదైనా పెద్ద గురితో సమానం. విండోస్ 11 స్టార్ట్ బటన్‌ను మధ్యకు తెచ్చి ఆ సౌలభ్యాన్ని వదులుకుంది. మీరు విస్కర్ బటన్‌ను ఎడమ కింది మూలకే అంటించి పెట్టండి. బటన్‌కూ అంచుకూ మధ్య ఖాళీ ఉంటే ఆ లాభం పోతుంది, కనుక మౌస్‌ను మూలకు తోసి నొక్కి ఒకసారి చూసుకోండి. విండోస్ వాడిన ఉపాధ్యాయుల చేయి కూడా అలవాటుగా అక్కడికే పోతుంది.

ఇష్టమైనవాటి జాబితాలో పాఠాలకు కావలసిన ప్రోగ్రాములను మీరే ఒక క్రమంలో పెట్టి, ఇటీవల వాడినవి అనే జాబితాను కనబడకుండా చేయండి. పిల్లలు వారం వారం యంత్రాలు మారుతున్నప్పుడు, ముందు కూర్చున్నవారు ఏమి తెరిచారన్నదాన్ని బట్టి వరుస మారిపోతే మనసులో ఏదీ నిలవదు. ‘పై నుంచి మూడోది తెరవండి’ అని మీరు అంటే గదిలో అందరికీ అదే తెరుచుకోవాలి.

తెనుగుతెర

ఒక సాంకేతిక విషయం మరిచాను. సవరించిన డెస్క్‌టాప్ ఫైళ్లను యూఎస్‌ఆర్, షేర్, అప్లికేషన్స్ దారిలోని ఫోల్డరులో ఉంచకండి. ప్యాకేజీ నవీకరణ వచ్చిన రోజున మీ మార్పులు చెరిగిపోతాయి. యూఎస్‌ఆర్ కింద ఉన్న లోకల్, దానిలో షేర్, దానిలో అప్లికేషన్స్ అనే ఫోల్డరులో అదే ఫైలు పేరుతో పెట్టండి. సాధారణ అమరికలో వ్యవస్థ ముందుగా దానినే చదువుతుంది, యంత్రంలోని వాడుకరులందరికీ అది వర్తిస్తుంది. ప్యానెల్, ఇష్టమైనవాటి జాబితా కోసం ఒక ఖాతాను పూర్తిగా సిద్ధం చేసుకుని, అందులోని ఎక్స్‌ఎఫ్‌సీఈ అమరికల ఫోల్డరును ఈటీసీ కింద ఉన్న, కొత్త ఖాతాలకు నమూనాగా వాడే స్కెల్ ఫోల్డరులో అదే దారిలో ఉంచిన తరువాతనే విద్యార్థుల ఖాతాలు సృష్టించండి. అంతకుముందే ఉన్న ఖాతాలకు అది వర్తించదు, కాబట్టి వాటిలోకి విడిగా కాపీ చేసి, ఫైళ్ల యాజమాన్యం ఆ వాడుకరి పేరు మీద ఉందో లేదో సరిచూసుకోవాలి.