ఆకుపచ్చ నంబరు ప్లేటు, రహదారి పన్ను మినహాయింపు: తెలంగాణలో ఎలక్ట్రిక్ కారు కొన్నవారు చెప్పండి

కొత్తకారు_2026: హైదరాబాదులో ఎలక్ట్రిక్ కారు కొనాలనుకుంటున్నాను. రహదారి పన్ను మినహాయింపు 2026 డిసెంబరు 31తో ముగుస్తుంది కాబట్టి, బుకింగ్ తేదీని లెక్కిస్తారా, రిజిస్ట్రేషన్ తేదీనా? ఆదాయపు పన్నులో ఏమైనా కలిసివస్తుందా? అపార్ట్‌మెంటు సెల్లారులో చార్జర్ పెట్టుకోవడానికి సంఘాన్ని ఎలా ఒప్పించారో కూడా దయచేసి చెప్పగలరు.

మూడువారాలు: మీరు అదృష్టవంతులండీ. 2020 నాటి విధానంలో తొలి 5,000 ప్రైవేటు కార్లకే మినహాయింపు ఉండేది. నేను 2024 అక్టోబరు చివర్లో కారు తీసుకునేసరికి ఆ సంఖ్య ఎప్పుడో నిండిపోయిందని చెప్పి, షోరూంవారు లైఫ్ ట్యాక్సు (ఒకేసారి కట్టే రహదారి పన్ను) మొత్తం కట్టించారు. సరిగ్గా మూడు వారాలకు, నవంబరు 18 నుంచి ఆ పరిమితి ఎత్తేసి పూర్తి మినహాయింపు ఇస్తూ జీవో 41 అమలులోకి వచ్చింది. కట్టిన సొమ్ము వెనక్కి అడిగితే నవ్వి పంపించారు.

పాతవిధానం: ఆదాయపు పన్ను సంగతి నేను చెబుతాను. సెక్షన్ 80ఈఈబీ కింద రుణంపై వడ్డీలో ఏడాదికి లక్షన్నర వరకు తగ్గింపు ఉంది కానీ, ఆ రుణం 2019 ఏప్రిల్ 1కీ 2023 మార్చి 31కీ మధ్య మంజూరై ఉండాలి. నాది 2022లో మంజూరైంది, పాత పన్ను విధానంలోనే కొనసాగుతున్నాను కాబట్టి నాకు ఇప్పటికీ వర్తిస్తోంది. మీకు మాత్రం రాదు.

సగంపెట్రోలు: నా హైబ్రిడ్ కారు కూడా ఊళ్లో చాలాసేపు బ్యాటరీ మీదే నడుస్తుంది. అయినా మీకు జీఎస్టీ 5 శాతం, నాకు 40. మీకు పచ్చ ప్లేటు, నాకు తెల్లది. ఇదెక్కడి న్యాయం?

మూడువారాలు: పెట్రోలు బంకు వైపు చూడకుండా నెల గడపగలిగితే అప్పుడు అడగండి.

సగంపెట్రోలు: వెటకారం ఎందుకు? 2022 జూన్ నుంచి థర్డ్ పార్టీ బీమా ప్రీమియంలో ఎలక్ట్రిక్ కార్లకు 15 శాతం, హైబ్రిడ్లకు 7.5 శాతం రాయితీ ఇస్తున్నారు. అంటే మమ్మల్ని సగం మనుషులుగానైనా గుర్తించినట్టే కదా.

సాయంత్రంసవారీ: పచ్చ ప్లేటుకు పర్మిట్ అక్కరలేదట. నేను సాయంత్రాలు నా సొంత కారును కిరాయికి తిప్పుదామనుకుంటున్నాను.

ఆర్టీవో_అనుభవి: పదిహేనేళ్లుగా రవాణా కార్యాలయాల మెట్లు ఎక్కి దిగుతున్నవాణ్ణి, నా మాట వినండి. పచ్చ ప్లేట్లన్నీ ఒకటి కావు. 2018లో వచ్చిన నిబంధన ప్రకారం సొంత కారుకు పచ్చ నేల మీద తెల్ల అక్షరాలు, కిరాయి వాహనానికి పసుపు అక్షరాలు ఉండాలి. అదే ఏడాది అక్టోబరులో ఇచ్చిన పర్మిట్ మినహాయింపు రవాణా వాహనంగా రిజిస్టరైన బ్యాటరీ బండ్లకే.

సాయంత్రంసవారీ: బ్యాటరీ బండికి పర్మిట్ వద్దని ప్రభుత్వమే అన్నాక, అక్షరాల రంగుతో పనేముంది? మీలాంటివారి వల్లే మామూలు మనిషి నాలుగు రూపాయలు సంపాదించుకోలేకపోతున్నాడు.

ఆర్టీవో_అనుభవి: రంగు మీకు అలంకారంలా కనిపిస్తోందేమో! పర్మిట్ ఒక్కటే వద్దన్నారు. ఫిట్‌నెస్ ధ్రువపత్రం, కిరాయికి వర్తించే బీమా వద్దని ఎవరూ అనలేదు. తెల్ల అక్షరాల కారులో ప్రయాణికుణ్ణి ఎక్కించుకున్నప్పుడు ప్రమాదం జరిగితే, బీమా సంస్థ చెల్లించనని చేతులెత్తేయవచ్చు.

సాయంత్రంసవారీ: నా మిత్రుడు ఏడాదిగా తిప్పుతున్నాడు, ఏమీ కాలేదు.

ఆర్టీవో_అనుభవి: ఇంకా కాలేదని రాయండి.

నాలుగుతొమ్మిదులు: నేను ఫ్యాన్సీ నంబరు కోసం వేలంలో పోటీపడ్డాను. పన్ను మిగిలింది కదా అనుకుంటూ ఆ మిగిలినదంతా నంబరుకే పోశాను. మినహాయింపు రహదారి పన్నుకు, రిజిస్ట్రేషన్ రుసుముకే తప్ప నంబరు మోజుకు కాదని అప్పుడు తెలిసింది. అయినా పచ్చ ప్లేటు మీద ఆ నంబరు చూసుకుంటే బాధ లేదు.

పాతవిధానం: అసలు ప్రశ్న పక్కకు పోయింది. మినహాయింపు తెలంగాణలో కొని, ఇక్కడే రిజిస్టరు చేయించిన వాహనానికి. బుకింగ్ రసీదు చాలదు. డెలివరీ ఆలస్యమవుతుందని షోరూంవారు అంటే, నవంబరులోనే చేతికి వచ్చే రంగుతో సరిపెట్టుకోండి.

కొత్తకారు_2026: ధన్యవాదాలండీ. మరి సెల్లారులో చార్జర్ సంగతి?

సాయంత్రంసవారీ: తెల్ల అక్షరాల బండిని పసుపు అక్షరాలకు మార్చుకోవాలంటే ఎన్ని రోజులు పడుతుంది?