11 లీటర్ల అల్యూమినియం ట్యాంకుకి బ్యాక్‌ప్లేట్ స్టీల్‌ది తీసుకోవాలా, అల్యూమినియందా?

కెరటం_హైదరాబాద్:

నమస్తే అందరికీ. స్కూబా డైవింగ్‌లో అడ్వాన్స్‌డ్ కోర్సు అయిపోయింది, సెలవు దొరికినప్పుడల్లా అండమాన్‌లోని హ్యావ్‌లాక్ వెళ్లి డైవ్ చేస్తున్నాను, ఇక సొంత బీసీడీ (ట్యాంకుని వీపున మోస్తూ, గాలి నింపి తేలుడు సరిచూసుకునే జాకెట్ లాంటిది) కొనుక్కుందామని ఉంది. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 50 కిలోలు. అద్దెకిచ్చే జాకెట్ ఎంత చిన్న సైజు తీసుకున్నా, పైకి వచ్చి గాలి నింపగానే చెవుల దాకా లేచిపోతుంది, నడుము పట్టీ బిగిస్తే ఊపిరాడదు, వదులు చేస్తే నీళ్లలో ట్యాంక్ వీపు మీద అటూ ఇటూ దొర్లుతుంది. దాని బదులు బ్యాక్‌ప్లేట్ (వీపు మీద ఉండే లోహపు పలక), వింగ్ (దాని వెనక గాలి నింపే సంచి) పెట్టుకుంటే ఈ గొడవ ఉండదని మా డైవ్ మాస్టర్ అన్నారు, కానీ ఆయన వాడేది జంట ట్యాంకుల సెట్.

నేను వేసుకునేది 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్, అక్కడిచ్చే 11 లీటర్ల అల్యూమినియం ట్యాంక్, మునగడానికి కట్టుకునే 4 కిలోల సీసం. స్టీల్ ప్లేట్ మంచిదా, అల్యూమినియందా? షాపులో 20 కిలోల లిఫ్ట్ (తేల్చే శక్తి) ఉన్న వింగ్ తీసుకోమంటున్నారు, నాకు అంత అవసరమా? హార్నెస్ (ప్లేట్‌ని ఒంటికి కట్టే పట్టీలు) ఒకే పట్టీతో ఉండేదా, బకిల్స్‌తో అడ్జస్ట్ చేసుకునేదా? ఫ్లైట్‌లో 15 కిలోల లగేజీ లెక్క కూడా ఉంది కదా, అదొక టెన్షన్.

బంగాళాఖాతం_బాబాయ్:

మీ డైవ్ మాస్టర్ చెప్పింది నిజమే అమ్మా. జాకెట్‌ని కిందికి లాగి పట్టుకునేది ఏదీ లేదు కాబట్టే అది పైకి లేస్తుంది. బ్యాక్‌ప్లేట్‌కి కాళ్ల మధ్య నుంచి ముందుకొచ్చి నడుము బెల్టుకి తగులుకునే పట్టీ ఉంటుంది, క్రాచ్ స్ట్రాప్ అంటాం. అది ఉంటే వింగ్‌లో ఎంత గాలి నింపినా సెట్ కదలదు, నడుమును ఊపిరాడనంత బిగించాల్సిన పనీ ఉండదు. పొట్టిగా, సన్నగా ఉన్నవాళ్లకి ఇంతకంటే మేలైన ఏర్పాటు నేను చూడలేదు.

ప్లేట్ ఏ లోహమో తేల్చేది మీ ట్యాంకూ, మీ సూటూ. 200 బార్ ఒత్తిడితో నింపిన 11 లీటర్ల ట్యాంకులో గాలి బరువే సుమారు 2.6 కిలోలు. డైవ్ మొదట్లో ఆ ట్యాంక్ కొద్దిగా మునిగేలా ఉంటుంది, గాలి అయిపోవచ్చేసరికి అదే మిమ్మల్ని పైకి లాగుతుంది, ఖాళీ అల్యూమినియం ట్యాంక్ తేలుడు 2 కిలోలకి కాస్త అటూ ఇటూ. మీరు కట్టుకునే సీసంలో సగం దాకా దానికే పోతోంది. స్టీల్ ప్లేట్ మామూలుగా 2.7 కిలోలుంటుంది, ఉప్పునీళ్లలో దాని బరువు 2.3 కిలోల పైచిలుకు. పైగా జాకెట్‌లోని మెత్తలకి కూడా కొంత తేలుడు ఉంటుంది, ప్లేట్‌కి అది లేదు. అంటే మీ 4 కిలోల సీసం ఒక కిలోకి దిగొచ్చు, అసలు లేకుండా కూడా పోవచ్చు, నీళ్లలో చూసుకుంటే తెలుస్తుంది. ఆ బరువు నడుము మీద కాకుండా ఊపిరితిత్తుల వెనక పడుతుంది కాబట్టి కాళ్లు కిందికి దిగిపోకుండా ఒళ్లు అడ్డంగా నిలుస్తుంది. అల్యూమినియం ప్లేట్ 900 గ్రాములు ఉంటే నీళ్లలో అరకిలో మాత్రమే తూగుతుంది, మిగతాది మళ్లీ సీసంతో నింపుకోవాల్సిందే. మీ సెట్‌కి నేనైతే స్టీలే అంటాను.

20 కిలోల వింగ్ మీకు వద్దు. వింగ్ చేయాల్సిన పనులు రెండే. కింద నిండు ట్యాంకులో ఉన్న గాలి బరువునీ, నీటి ఒత్తిడికి సూటు నలిగినందువల్ల పోయిన తేలుడునీ భర్తీ చేయాలి, మీకు అది 4 కిలోలు దాటదు. మీరు విప్పి నీళ్లలో వదిలేసినా సెట్ మునగకుండా తేలాలి, ప్లేట్, రెగ్యులేటర్ (ట్యాంక్ నుంచి ఊపిరి అందించే పరికరం), నిండు ట్యాంక్ అన్నీ కలిపి 5 కిలోలనుకోండి. కాబట్టి 12 నుంచి 14 కిలోల లిఫ్ట్ బోలెడు. మరీ వెడల్పైన వింగ్ ఒక్క ట్యాంక్ చుట్టూ రెండు వైపులా మడిచినట్టు లేచి నిలబడుతుంది, గాలి మడతల్లో చిక్కుకుని సరిగా బయటికి రాదు. గుండ్రంగా పూర్తి చుట్టు ఉన్న డోనట్ రకం తీసుకోండి, గాలి అటు నుంచి ఇటు సులువుగా మారుతుంది. వింగ్‌లోనే క్యామ్ బ్యాండ్లు (ట్యాంకుని బిగించే పట్టీలు) దూర్చే చీలికలు ఉన్నాయో లేదో చూడండి, ఉంటే సింగిల్ ట్యాంక్ అడాప్టర్ విడిగా కొనక్కర్లేదు.

ఆర్లాండో_వాసు:

నేను ఉండేది ఫ్లోరిడాలో, ఈ పద్ధతి బాగా ఊపందుకున్నది ఇక్కడి గుహల్లో డైవ్ చేసేవాళ్ల చేతుల్లోనే. ఒకే పట్టీ హార్నెస్‌ని హోగార్థియన్ అంటారు, బిల్ హోగార్త్ మెయిన్ అనే గుహ డైవర్ పేరు మీద. కెరటం గారూ, మీరు అదే తీసుకోండి. రోజుకో మందం సూటు మార్చేవాళ్లకి బకిల్స్ పనికొస్తాయేమో గానీ, అండమాన్‌లో మీరు ఎప్పుడూ వేసేది 3 మిల్లీమీటర్లే, ఒకసారి కొలత కుదిరితే ఇక దాన్ని ముట్టుకోనక్కర్లేదు. విరిగే ప్లాస్టిక్ ఒక్కటీ ఉండదు.

కానీ ఆ కొలత కుదర్చడానికి ఒక సాయంత్రం మొత్తం పెట్టుకోండి, పడవ మీద కాదు, ఇంట్లో, సూటు వేసుకుని. నవారు లాంటి 2 అంగుళాల గట్టి నైలాన్ పట్టీ అది, ప్లేట్ చీలికల్లోంచి లాగడానికి చేతులు నొప్పి పుడతాయి. ప్లేట్ పై అంచు మెడ కింద, చెయ్యి భుజం మీదుగా వెనక్కి పెడితే వేళ్లకి తగిలే ఎత్తులో ఉండాలి. చాలామంది దాన్ని నడుము మీదకి జార్చేస్తారు, అప్పుడు ట్యాంక్ వాల్వ్ అందదు. భుజం పట్టీ కింద అరచెయ్యి సులువుగా దూరాలి, బిగుతుగా ఉంటే విప్పడం నరకం. భుజాల మీద డీ-రింగులు (సామాను తగిలించే D ఆకారపు రింగులు) చంకల ఎత్తుకి కాస్త పైన, అదే వైపు బొటనవేలు సునాయాసంగా అందేచోట పెట్టండి. ఎడమ తుంటి దగ్గర ఒక రింగు, ప్రెషర్ గేజ్ దానికే తగిలిస్తారు. నడుము బకిల్‌ని మధ్యలో కాకుండా కాస్త కుడి పక్కకి జరపండి, లేకపోతే క్రాచ్ స్ట్రాప్ దాన్ని నొక్కి తెరిచే ప్రమాదం ఉంది. క్రాచ్ స్ట్రాప్ బిగించాక నిటారుగా నిలబడగలగాలి, ముందుకి వంగిపోతే పొట్టిగా ఉన్నట్టే. పట్టీ మిగులు వెంటనే కోసేయకండి, నీళ్లలో చూశాక కోసి, చివర మంటతో కాల్చండి, పోగులు రావు.

మీ ఎత్తుకి ఇంకో మాట. మామూలు ప్లేట్ కింది అంచు పిరుదుల పైన గుచ్చుకుంటుందేమో కొనేముందు వీపుకి ఆనించి చూడండి. పొడవు తగ్గించిన ప్లేట్లు కూడా కొన్ని కంపెనీలు చేస్తాయి.

ఎర్ర_ఫిన్స్:

బాబాయ్ గారి లెక్కతో నాకు పేచీ లేదు కానీ రెండు విషయాలు చెప్పకుండా వదిలేశారు. స్టీల్ ప్లేట్ అంటే ఆ 2.3 కిలోలు అత్యవసరమైనా సీసంలా విప్పి నీళ్లలో వదిలేయలేని బరువు. ఇంకెక్కడైనా స్టీల్ ట్యాంక్ చేతికిస్తే, పలుచని సూటులో రెండూ కలిసి బరువెక్కువైపోతాయి. రెండోది, జాకెట్ ఒంటి చుట్టూ తేలుస్తుంది, వింగ్ వెనక నుంచే తేలుస్తుంది, కాబట్టి అలల్లో పడవ కోసం ఎదురుచూస్తున్నప్పుడు ముఖాన్ని ముందుకి తోస్తుంది. నేను వేర్వేరు దేశాల్లో డైవ్ చేస్తాను, అల్యూమినియం ప్లేటే వాడతాను, విమానంలో దాదాపు 2 కిలోలు కలిసొస్తాయి.

బంగాళాఖాతం_బాబాయ్:

స్టీల్ ట్యాంక్ మాట పూర్తిగా ఒప్పుకుంటాను, రెండూ కలపకూడదు. వదిలేయలేని బరువు గురించి మాత్రం లెక్క చూద్దాం. డైవ్ మొదట్లోనే వింగ్ చిరిగిందనుకున్నా, సరిగ్గా బరువు చూసుకున్న మనిషి గాలి బరువు 2.6, సూటు నలుగుడు ఒక కిలో, మొత్తం మూడున్నర కిలోల చిల్లరే బరువుగా ఉంటారు. ఫిన్స్‌తో ఈది పైకి రావడం సాధ్యమే. ముఖం ముందుకి తొయ్యడం ఎక్కువగా సీసం ఎక్కువై, వింగ్‌ని బెలూన్‌లా నింపినప్పుడు. గడ్డం నీళ్లపైన ఉండేంత గాలే నింపి వెనక్కి వాలి పడుకుంటే హాయిగా ఉంటుంది.

కెరటం_హైదరాబాద్:

చాలా థాంక్స్ బాబాయ్ గారూ, వాసు గారూ, ఎర్ర ఫిన్స్ గారూ. స్టీల్ ప్లేట్, 13 కిలోల డోనట్ వింగ్, ఒకే పట్టీ హార్నెస్ అని ఖాయం చేసుకున్నాను. మొదటి డైవ్‌లో ముందు ఏం చూసుకోవాలి?

ఆర్లాండో_వాసు:

గాలి వదిలేచోట్లు. జాకెట్‌కి కుడి భుజం మీద ఉండే డంప్ వాల్వ్ వింగ్‌కి ఉండదు. నిటారుగా ఉంటే ఇన్‌ఫ్లేటర్ (వింగ్‌లోకి గాలి నింపే, వదిలే గొట్టం) పైకెత్తాలి, అడ్డంగా ఉంటే ఎడమ తుంటి వెనక తాడు లాగాలి. మీరు ఎక్కువగా వాడేది ఈ రెండోదే, ఎడమ పిరుదు కాస్త పైకి ఉంచి లాగండి. ఇన్‌ఫ్లేటర్ గొట్టం వేలాడకుండా ఎడమ భుజం రింగు దగ్గర చిన్న బంగీ తాడు ముడి వేసి అందులో దూర్చండి. క్యామ్ బ్యాండ్లు తడిపాకే బిగించండి, పొడిగా బిగిస్తే నీళ్లలో సాగి ట్యాంక్ జారుతుంది. కొత్త సెట్ అని డైవ్ మాస్టర్‌కీ, బడ్డీకీ (జతగా దిగే డైవర్‌కి) విప్పడం ఎలాగో చూపించండి, భుజాల దగ్గర బకిల్స్ లేవు కాబట్టి అత్యవసరమైతే పట్టీ కోయాలని వాళ్లకి తెలియాలి, పట్టీ కోసే కత్తెర ఒకటి నడుము బెల్టుకి పెట్టుకోండి.

బంగాళాఖాతం_బాబాయ్:

డైవ్ చివర్లో 50 బార్ మిగిలినప్పుడు 5 మీటర్ల దగ్గర వింగ్ పూర్తిగా ఖాళీ చేసి ఆగి చూడమ్మా. మామూలుగా ఊపిరి తీస్తూ అక్కడే నిలబడగలిగితే సరిపోయినట్టే. మునిగిపోతుంటే ఇంకో అరకిలో తగ్గించు, పైకి తేలిపోతుంటే అరకిలో కలుపు. ఆ సీసం నడుముకి కట్టొద్దు, పై క్యామ్ బ్యాండ్‌కి తగిలించే చిన్న సంచిలో వేసుకుంటే కాళ్లు బరువెక్కవు. కొన్నాక తొడుక్కుని పక్క నుంచి ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టు, పట్టీ కోసేలోపు కొలతలు చూసి చెప్తాం.