ఫ్రెంచివాళ్ల ‘అలౌస్ టు’: దిద్దాలా, వదిలేయాలా?

లియాన్ టీచరమ్మ:
నేను ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఇంజనీరింగ్ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతాను. ఏటా రిపోర్టులు దిద్దే రోజుల్లో మా టీచర్ల మధ్య ఒకటే వాదన. పిల్లలు ‘దిస్ మెథడ్ అలౌస్ టు రెడ్యూస్ ద కాస్ట్’ అని రాస్తారు. ఇంగ్లిష్‌లో ‘అలౌస్’ తర్వాత ఎవరికి వీలవుతుందో చెప్పాలి: ‘అలౌస్ అస్ టు రెడ్యూస్’. ఫ్రెంచిలో ‘పెర్మెత్ర్ ద’ (అనుమతించు) అన్నాక నేరుగా క్రియ వచ్చేస్తుంది, మనిషిని చెప్పకపోయినా వాక్యం నిలుస్తుంది. ఆ అలవాటే ఇక్కడికీ వస్తోంది. కొందరు టీచర్లు మార్కులు తీసేస్తారు, కొందరు చూసీ చూడనట్టు పోతారు. నేనైతే దిద్దాలనే అంటాను. ఆజ్ఞ, అనుమతి చెప్పే క్రియలన్నిటినీ కలిపి మాట్లాడుకుందాం. మీ అనుభవం చెప్పండి.

తులూజ్ సత్తి:
వదిలేయండి మేడం. మా ఆఫీసులో ఫ్రెంచివాళ్లతో పాటు స్పెయిన్, ఇటలీవాళ్లు ఉన్నారు. వాళ్ల భాషల్లో కూడా ‘అనుమతించు’ తర్వాత నేరుగా క్రియే వస్తుంది కాబట్టి అందరూ ‘అలౌస్ టు’ అనే రాస్తారు. ఒక్కరు కూడా అర్థం కాలేదని అనలేదు. బ్రిటన్ 2020 జనవరి 31న యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వెళ్లిపోయింది. అయినా ఆ యూనియన్ ఆఫీసుల్లో ఇంగ్లిష్ నడుస్తూనే ఉంది. మాట్లాడేవాళ్లలో ఎక్కువమందికి అది మాతృభాష కాదు. వాళ్లంతా ఒకే తీరుగా వాడే మాటను తప్పనడానికి మనమెవరం? మనవాళ్లు ‘అబౌట్’ అక్కర్లేకపోయినా ‘డిస్కస్ అబౌట్’ అంటారు, దానివల్ల ఎవరి పనీ ఆగలేదు. ఆ పిల్లలకు మాట్లాడాలంటేనే టెన్షన్. ప్రతి వాక్యానికీ ఎర్ర గీత పెడితే ఉన్న ధైర్యమూ పోతుంది.

బ్రస్సెల్స్ అనువాదకురాలు:
సత్తి గారూ, ఆఫీసు మెయిల్‌కి మీ మాట సరే. నా పని చట్టపరమైన పత్రాలతో. ‘ద రూల్ అలౌస్ టు ఇన్‌స్పెక్ట్ ద ప్రెమిసెస్’ అని ఒక వాక్యం వచ్చిందనుకోండి. తనిఖీ చేసే అధికారం ఎవరికి? ప్రభుత్వ అధికారికా, కంపెనీకా, మూడో మనిషికా? ఫ్రెంచి వాక్యం ఆ ప్రశ్నను దాటేసి పోగలదు. ఇంగ్లిష్ వ్యాకరణం మాత్రం ‘ఎవరికి’ అని అడిగి తీరుతుంది. యూరోపియన్ యూనియన్ (ఈయూ) లెక్కలు తనిఖీ చేసే సంస్థ, యూరోపియన్ ఆడిటర్ల కోర్టులో అనువాదకులు ఈయూ పత్రాల్లో తప్పుగా వాడే ఇంగ్లిష్ మాటల మీద ఒక పుస్తకమే తెచ్చారు. అందులో ‘అలౌ’ కూడా ఉంది. అందరూ వాడినంత మాత్రాన ఖాళీ పూడదండీ.

యానాం మాస్టారు:
అమ్మా, సత్తిబాబూ, ఇద్దరి మాటలూ చదివాను. నేను పుదుచ్చేరిలో ఫ్రెంచి ఇంట్లో మాట్లాడే పిల్లలకు చాలా ఏళ్లు ఇంగ్లిష్ చెప్పాను. మా యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలనలో ఉన్న ఊరే కాబట్టి ఆ భాష నాకు చిన్నప్పటి నుంచీ చెవిన పడింది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీరు ‘అలౌస్ టు’ దగ్గర ఆగిపోయారు. అంతకన్నా చెరుపు చేసే తప్పులు పక్కనే ఉన్నాయి. ఎర్ర సిరా ముందు వాటికి ఖర్చు పెట్టాలి.

మొదటిది ‘డోంట్ హావ్ టు’. ఫ్రెంచి ‘దెవ్వార్’ అంటే ‘మస్ట్’, ‘హావ్ టు’ రెండూ అని పిల్లలకు నేర్పుతాం. కాదనే వాక్యంలో ఆ రెండూ విడిపోతాయని గట్టిగా చెప్పం. ల్యాబ్‌లో ఒక పిల్లవాడు సూచనల కాగితం రాస్తాడు: ‘యూ డోంట్ హావ్ టు ఓపెన్ దిస్ వాల్వ్’. వాడి మనసులో ఉన్నది ‘ఈ వాల్వ్ తెరవకూడదు’. ఇంగ్లిష్ తెలిసినవాడు చదివేది ‘తెరవక్కర్లేదు, తెరిస్తే నీ ఇష్టం’. ‘మస్ట్ నాట్’ అని ఉండాల్సిన చోటది. తెలుగులో ‘కూడదు’, ‘అక్కర్లేదు’ వేర్వేరు మాటలు కాబట్టి మనకీ తేడా వెంటనే తడుతుంది. ఫ్రెంచి పిల్లలకు కూర్చోబెట్టి చెప్పాలి.

రెండోది ‘డిమాండ్’. ఫ్రెంచి ‘దెమాందే’ మామూలుగా అడగడమే. ఆ పిల్ల ఎంతో వినయంగా ‘ఐ డిమాండ్ యువర్ హెల్ప్’ అని ప్రొఫెసర్‌కి రాస్తుంది. అవతలివాళ్లకది నిలదీసినట్టు వినిపిస్తుంది. అర్థం తెలుస్తుంది, మర్యాద పోతుంది. దీన్ని ఏ పరిస్థితిలోనూ వదలను.

మూడోది ‘మేక్’. ‘ఐ మేక్ వర్క్ ద స్టూడెంట్స్’ అంటారు. దీనికి కారణం అందంగా ఉంటుంది. ఫ్రెంచిలో ‘ఫేర్ త్రవాయే’ చూడటానికి రెండు మాటలు, నడతలో ఒక్కటే, మన ‘పని చేయించు’లాగా. మనం ‘చేయు’కీ ‘ఇంచు’కీ మధ్య విద్యార్థిని దూర్చలేం కదా, వాళ్లూ అంతే. పేరు చివరికి పోవాల్సిందే. ఇంగ్లిష్‌లో మాత్రం మనిషి మధ్యలో కూర్చుంటాడు: ‘మేక్ ద స్టూడెంట్స్ వర్క్’.

దీనికి మందు వాళ్ల భాషలోనే ఉంది. ‘లెస్సే’ అంటే ‘వెళ్లనివ్వు, చేయనివ్వు’లో ఉన్న ఇవ్వడం. దాంతో ఫ్రెంచివాళ్లు పిల్లల్ని క్రియకు ముందూ పెడతారు, వెనకా పెడతారు. ‘లెస్సే లెజాన్‌ఫాఁ పార్తీర్’, అంటే ‘పిల్లల్ని వెళ్లనివ్వు’, మంచి ఫ్రెంచే. ఇది సరిగ్గా ‘లెట్ ద చిల్డ్రన్ లీవ్’ వరుస. నేను ముందు ‘లెట్’ నేర్పి, అదే వరుసలో ‘లెట్’ తీసి ‘మేక్’ పెట్టమంటాను. ‘మేక్ ద చిల్డ్రన్ లీవ్’. సూత్రం చెప్పకముందే చాలామంది అందుకుంటారు. మొదటి రోజే ‘ఫేర్’తో మొదలుపెడితే దారి తప్పుతారు.

‘టు’ ఎక్కడ పెట్టాలన్నదానికి కూడా ఒక గుర్తు ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి ఎన్నో అధికారపు మాటలు వచ్చాయి: కమాండ్, ఆర్డర్, పర్మిట్, అలౌ, ఫోర్స్, ఆబ్లైజ్. వీటన్నిటికీ మనిషి తర్వాత ‘టు’ కావాలి. ‘లెట్’, ‘మేక్’ పాత ఇంగ్లిష్ మాటలు, వాటికి ‘టు’ వద్దు. ‘మీ ఇంటి నుంచి వెళ్లిన మాటకు టు పెట్టండి’ అంటే ఫ్రెంచి పిల్లలు మర్చిపోరు.

తులూజ్ సత్తి:
మాస్టారూ, వాల్వ్ సంగతి ఒప్పుకుంటున్నాను, అది ప్రాణాల మీది మాట. కానీ 1066 కథ నాకు నచ్చలేదు. ‘టెల్’, ‘ఆస్క్’, ‘ఫర్బిడ్’ కూడా పాత ఇంగ్లిష్ మాటలే, వాటికి ‘టు’ ఉందిగా? పైగా ‘మేక్’ కూడా కర్మణిలో ‘హి వాజ్ మేడ్ టు వర్క్’ అవుతుంది. సగమే నిలిచే సూత్రం ఎందుకు?

యానాం మాస్టారు:
బాబూ, నేను చెప్పింది ఒక వైపే. ఫ్రెంచి మాటకు ‘టు’ తప్పదు అన్నాను కానీ, ‘టు’ ఉన్నదల్లా ఫ్రెంచి మాట అనలేదు. ‘టు’ లేకుండా నడిచేవి గుప్పెడే: లెట్, మేక్, పని చేయించే అర్థంలో ‘హ్యావ్’, పాతబడిన ‘బిడ్’. ‘హెల్ప్’ రెండు రకాలా పోతుంది. ఇవి నోటికొస్తే మిగతావాటికి ‘టు’ పెట్టుకోవచ్చు. కర్మణిలో ‘మేడ్ టు’ వస్తుందన్నది నిజమే, దాన్ని విడిగానే చెప్పాలి. ‘లెట్’ను అక్కడ వాడకుండా ‘వాజ్ అలౌడ్ టు’ అనమంటాను.

బ్రస్సెల్స్ అనువాదకురాలు:
మాస్టారి వరుస బాగుంది. అయినా ‘అలౌస్ టు’ని చివరికి నెట్టడానికి నేను ఒప్పుకోను. ఈ పిల్లల్లో కొందరు రేపు భద్రతా నియమాలు, కాంట్రాక్టులు రాస్తారు. అక్కడ ‘ఎవరికి’ అన్నది లేకపోతే గొడవ కోర్టు దాకా పోతుంది.

లియాన్ టీచరమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. ఈసారి ‘డోంట్ హావ్ టు’, ‘డిమాండ్’ తప్పులకు మార్కులు తీస్తాను, ముందే చెప్పి. ‘అలౌస్ టు’ కనిపిస్తే మార్కు తీయను, పక్కన ‘ఎవరికి?’ అని రాసి కాగితం తిరిగి ఇస్తాను. సత్తి గారన్న టెన్షన్ నా క్లాసులోనూ చూస్తున్నాను. ‘లెట్’తో మొదలుపెట్టి ‘మేక్’కి వెళ్లే పాఠం వచ్చే వారమే చెప్పి చూస్తాను. మాస్టారూ, ‘ఐ హ్యాడ్ మై హెయిర్ కట్’ను కూడా ఆ వరుసలోనే పెట్టవచ్చా? మా పిల్లలు ‘ఐ మేడ్ కట్ మై హెయిర్’ అంటున్నారు.

యానాం మాస్టారు:
పెట్టండమ్మా, కానీ ఒక పాఠం ఆగి. అక్కడ మధ్యలో కూర్చునేది చేసే మనిషి కాదు, జుట్టు. రెండూ ఒకే రోజు చెబితే కలిసిపోతాయి.