పిల్లి మంచిగనే ఉంది, పురుగుల మందు వెయ్యాల్నా?

ప్రశ్న (హనుమకొండ): ఆడపిల్లి, 3 కిలోలు, తిండి మంచిగనే తింటది. మలం పరీక్షల ఏం లేదన్నరు. అయినా మందు అవసరమా?

జవాబు: ఒక్క పరీక్షను నమ్మకండి, పురుగుల గుడ్లు రోజూ మలంల పడవు. రోజు విడిచి రోజు 3 నమూనాలు, చెంచాడు చొప్పున, మూత డబ్బాల ఫ్రిజ్‌ల పెట్టండి, గడ్డకడితే పాడైతయి. ల్యాబుల జింక్ సల్ఫేట్ ద్రావణంల కలిపి సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పే మిషన్) చెయ్యమనండి, గుడ్లు పైకి తేల్తయి. ఊరికే స్లైడ్ మీద పూస్తే శానా గుడ్లు దొరకవు.

జవాబు: బద్దెపురుగు (టేప్‌వర్మ్) అట్ల కూడా తప్పించుకుంటది. తోక కింద ఎండిన బియ్యపుగింజల్లాంటి ముక్కలు చూడండి. దీనికి మందు ప్రాజిక్వాంటెల్, కిలోకు 5 మి.గ్రా., అంటే మీ పిల్లికి 15 మి.గ్రా. డాక్టర్‌ను అడిగే వెయ్యండి. ఒంటిమీది ఫ్లీలు (రక్తం పీల్చే చిన్న పురుగులు) పోకుంటే మళ్లీ వస్తది. కుక్కల ఫ్లీలకు వేసే పర్మెత్రిన్ మందు మాత్రం పిల్లికి విషం!

జవాబు: ఏలికపాములకు పైరాంటెల్ అని వేరే మందు. అది బద్దెపురుగును ముట్టదు.