16 అడుగుల అల్యూమినియం బోటుకి డౌన్‌రిగ్గర్లు: ఎక్కడ బిగించాలి, ఏవి కొనాలి?

చిన్నపడవ:
అందరికీ నమస్కారం. నాది 16 అడుగుల అల్యూమినియం బోటు, వెనక కూర్చుని టిల్లర్ పట్టుకుని నడిపే రకం. రెండు సీజన్లుగా ఉప్పునీళ్లలో సాల్మన్ కోసం తిరుగుతున్నా. తెల్లవారుజామున పైనీళ్లలో కోహో (సాల్మన్‌లో ఒక రకం) అడపాదడపా పడుతుంది. ఎండ ఎక్కాక సోనార్‌లో చేపలన్నీ 80, 100 అడుగుల లోతున కనిపిస్తాయి, నా ఎర మాత్రం 20 అడుగుల దగ్గరే తిరుగుతూ ఉంటుంది. లైనుకి పెద్ద సీసం కట్టి కూడా చూశా. లోతుకి వెళ్తుంది కానీ చేప పడ్డాక లాగుతున్నది చేపనో సీసాన్నో తెలియదు.

అందుకే డౌన్‌రిగ్గర్లు పెడదామనుకుంటున్నా, అదే, బరువైన గుండుని కేబుల్‌తో లోతుకి దించే మిషన్లు. చేపల లైనుని క్లిప్‌తో ఆ గుండు దగ్గర తగిలిస్తారు, చేప కొట్టగానే క్లిప్ నుంచి ఊడిపోతుంది. ఒకటి చాలా, రెండు కావాలా? చేత్తో తిప్పేదా, కరెంటుదా? స్టీలు కేబులా, బ్రెయిడా (అల్లిన దారం)? ఇవన్నీ ఒక ఎత్తు, అసలు టెన్షన్ ఇంకోటి. మా బోటు పక్క అంచు రేకు పల్చన, బొటనవేలితో గట్టిగా నొక్కితే లోపలికి పోతుంది. దాని మీద 12 పౌండ్ల గుండు వేలాడదీస్తే నిలుస్తుందా?

పాతచుక్కాని:
తమ్ముడూ, నువ్వు చివర్లో అడిగిందాని గురించే ముందు ఆలోచించు, మిషన్ సంగతి తర్వాత. ఊరికే వేలాడే 12 పౌండ్లు ఏ రేకైనా మోస్తుంది. కానీ బోటు కదులుతుంటే నీళ్లు గుండుని వెనక్కి నెడతాయి, అలల మీద బోటు ఎగిరిపడ్డప్పుడల్లా డౌన్‌రిగ్గర్ బేస్ మీద కుదుపు పడుతుంది, గుండు అడుగున రాయికి పట్టుకుంటే మొత్తం బోటు లాగుడంతా ఆ నాలుగు బోల్టుల మీదే. కాబట్టి స్క్రూలు, రివెట్లు వద్దే వద్దు. రేకు కింద ఒక మందపాటి పలక పెట్టు, 6 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు అయితే బాగుంటుంది, బేస్ కంటే అన్ని వైపులా రెండు మూడంగుళాలు వెడల్పు ఉండాలి. బోల్టులు పైనుంచి కిందకి పూర్తిగా దూరి బయటికి రావాలి, కింద వెడల్పు వాషర్, వదులు కాని నైలాన్ నట్టు.

ఉప్పునీళ్లు అన్నావు కాబట్టి ఇంకో మాట. స్టీలు బోల్టు అల్యూమినియానికి నేరుగా తగిలితే ఉప్పునీటి తడికి అల్యూమినియం తినేసుకుపోతుంది. నా మొదటి బోటులో రెండేళ్ల తర్వాత బేస్ విప్పితే బోల్టు చుట్టూ తెల్లటి పిండి, రంధ్రంలో చిటికెనవేలు దూరేంత సందు. బయటికి మాత్రం అంతా కొత్తదానిలాగే కనిపించింది! మధ్యలో ప్లాస్టిక్ వాషర్ వెయ్యి, బోల్టుకి తుప్పు ఆపే పేస్టు పూసి బిగించు, ఏడాదికోసారి విప్పి చూడు.

రేకుకి రంధ్రాలు పెట్టడం ఇష్టం లేకపోతే వెనక భాగంలో ఈ అంచు నుంచి ఆ అంచుకి అడ్డంగా బలమైన చెక్క వేసి, దాని రెండు చివర్లా డౌన్‌రిగ్గర్లు, రాడ్ హోల్డర్లు పెట్టేవాళ్లున్నారు. బరువు రెండు వైపులా పంచుకుంటుంది, సీజన్ అయిపోగానే చెక్కతో సహా తీసి పక్కన పెట్టొచ్చు.

చోటు ఖాయం చేసేముందు బోటులో కూర్చుని చెయ్యి చాచి చూడు. టిల్లర్ దగ్గర కూర్చున్న మనిషి లేవకుండానే గుండు అందుకోవాలి. ఇంత చిన్న బోటులో ఒకవైపుకి లేచి వంగడమే పెద్ద ప్రమాదం. గుండుని బోటు బయటికి పట్టి ఉంచే కడ్డీ, అదే బూమ్, రెండడుగుల పొట్టిది చాలు. మలుపు తిప్పినప్పుడు కేబుల్ ప్రొపెల్లర్ వైపు రాకుండా ఉండేంత ముందుకి బిగించు.

నీలిగీత:
మిగతా ప్రశ్నలకి నేను చెప్తా. మొదట ఒకటే పెట్టు. గుండు ఒకటి, రాడ్ ఒకటి, టిల్లర్ ఒకటి, ఒంటరిగా వెళ్తే అదే ఎక్కువ. మనిషి తోడుంటే రెండోది.

60 అడుగుల లోపు అయితే చేత్తో తిప్పేది హాయి, వైరు గొడవ లేదు. కానీ నువ్వు 100 అడుగులు అంటున్నావు, నాచు పట్టిందనో లోతు మార్చాలనో గంటకి ఐదారుసార్లు పైకి తియ్యాల్సి వస్తుంది, మధ్యాహ్నానికి భుజం పోతుంది. కరెంటుది అయితే మోటారు స్టార్ట్ చేసే బ్యాటరీకి తగిలించకు, వేరే డీప్ సైకిల్ బ్యాటరీ (ఎక్కువసేపు కరెంటు ఇచ్చే రకం) పెట్టు. మందం వైరు, బ్యాటరీ పక్కనే బ్రేకర్ తప్పనిసరి. గుండు లేపేటప్పుడు కరెంటు బాగా లాగుతుంది, సన్నటి వైరు వేడెక్కుతుంది.

కేబుల్ విషయంలో నేను బ్రెయిడ్‌కి మారాను, వెనక్కి వెళ్లను. స్టీలు నీళ్లలో జుంయ్‌మని మోగుతుంది, ఒకసారి మెలిక పడితే అక్కడే తెగుతుంది. బ్రెయిడ్‌కి ఉన్న లోపం రాపిడి, చివరి కొన్ని అడుగులు తడిమి చూసుకుని గరుకుగా ఉంటే కోసి మళ్లీ కట్టుకోవాలి.

గుండు 12 పౌండ్లు సరైన మొదలు. ప్రవాహం గట్టిగా ఉండే చోట 15 వాడతారు, కానీ అది నీ బేస్‌ని బట్టి. ఇంకోటి, కేబుల్ ఎంత వదిలామో చూపే మీటర్ మీద 100 అని ఉంటే గుండు 100 అడుగుల లోతున ఉన్నట్టు కాదు. కేబుల్ వెనక్కి 45 డిగ్రీలు వాలితే నిజం లోతు దాదాపు 70 అడుగులే. నేను ఇది అర్థం కాక ఒక సీజనంతా చేపల పైనుంచి ఎర లాగుతూ తిరిగాను.

అడుగుచూపు:
పైన పాతచుక్కాని గారు రాయికి పట్టుకోవడం గురించి అన్నారు, అది నాకు జరిగింది. 110 అడుగుల నీళ్లు, గుండు 95లో ఉంది. చిక్కుపడ్డ లైను విప్పుతూ సోనార్ చూడలేదు, ఈలోపు నీటి అడుగు నేల పైకి వచ్చేసింది. ఒక్క కుదుపు, రాడ్ కొట్టుకుంది, చేప అనుకున్నా. అంతలో బోటు వెనక మూల కిందికి వంగి నీళ్లు లోపలికి వచ్చాయి, నా బూట్ల దాకా. నేను క్లచ్ (కేబుల్ చుట్ట జారకుండా పట్టి ఉంచేది) బాగా బిగించి పెట్టుకున్నాను కాబట్టి కేబుల్ జారలేదు.

చెయ్యాల్సింది ఇది: ముందు మోటారు న్యూట్రల్, వెంటనే క్లచ్ వదులు చేసి కేబుల్ పోనివ్వాలి, ఎందుకంటే మోటారు ఆగినా పోటు బోటుని లాగుతూనే ఉంటుంది. తర్వాత నెమ్మదిగా వెనక్కి వెళ్లి, వచ్చిన దిక్కు నుంచి పైకి లాగితే చాలాసార్లు ఊడివస్తుంది. రాకపోతే కొయ్యాలి. బ్రెయిడ్‌కి పదునైన కత్తి, స్టీలుకి కటింగ్ ప్లయర్, చెయ్యి చాస్తే అందేచోట తాడు కట్టి పెట్టు, డబ్బాలో కాదు. గుండుకీ కేబుల్‌కీ మధ్య కేబుల్ కంటే బాగా తక్కువ బలం ఉన్న నైలాన్ ముక్క కట్టుకుంటే అది ముందు తెగుతుంది, గుండు పోయినా బోటు మిగులుతుంది. లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి.

చిన్నపడవ:
అందరికీ చాలా థాంక్స్. అడ్డచెక్క పద్ధతికే వెళ్తున్నా, కరెంటుది ఒకటి. ఇంకొక్కటి, ఎర గుండు నుంచి ఎంత వెనక ఉండాలి? క్లిప్ ఎంత బిగించాలి?

నీలిగీత:
ఫ్లాషర్ (ఎర ముందు తిరుగుతూ మెరిసే పలక) వాడితే 15 నుంచి 25 అడుగులు వెనక పెట్టి మొదలుపెట్టు, పైనీళ్లలో ఇంకా దూరం. క్లిప్‌లో లైను పెట్టి, గుండు దించాక రాడ్ బాగా ఒంగేదాకా రీలు తిప్పు. చేప కొట్టి క్లిప్ ఊడితే రాడ్ ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది, అప్పుడు ఆగకుండా వదులు లైను చుట్టెయ్యి. చిన్న చేప పడి క్లిప్ ఊడకపోతే తెలియకుండా దాన్నే ఈడ్చుకుంటూ తిరుగుతాం, అందుకే రాడ్ కొన సన్నగా వణుకుతుంటే పైకి తీసి చూడు. బోటు నీళ్లలో దించకముందే, ఇంటి దగ్గర క్లిప్‌లో లైను పెట్టి చేత్తో లాగి ఎంత బలానికి ఊడుతోందో చూసుకో.