ఓర్ఫియో రాణిని ఎత్తుకుపోయింది గంధర్వులా, యక్షులా?

ప్రశ్న: 'సర్ ఓర్ఫియో' అనే మధ్యయుగపు ఇంగ్లిష్ కథాగేయాన్ని తెలుగు చేస్తున్నాను. సుమారు 600 పాదాలుంటుంది. 1330ల నాటి ఆకిన్‌లెక్ రాతప్రతిలో దొరుకుతుంది. కథ చనిపోయిన భార్య కోసం పాటతో పాతాళానికి వెళ్లిన గ్రీకుల ఆర్ఫియస్‌దే, కానీ ఇక్కడ ఓర్ఫియో రాణి హ్యూరోడిస్‌ను తీసుకుపోయేది మృత్యువు కాదు, ఫెయిరీలనే మాయాజాతి రాజు. 'విత్ ఫెయిరీ ఫోర్త్ ఇనోమ్' అన్న పాదానికి 'గంధర్వులు అపహరించారు' అని రాశాను. రెండు మాటలూ నాకు నచ్చలేదు. మీరేమంటారు?

జవాబు: గంధర్వులు వద్దండీ. గంధర్వులనగానే మనకు తట్టేది పాట. తుంబురుడు గంధర్వుడే కదా. అలాంటివాళ్ల కొలువులోకి బక్కచిక్కి, గడ్డం పెరిగి బిచ్చగాడిలా వచ్చిన ఓర్ఫియో హార్ప్ మీటితే, రాజు మైమరచి 'ఏం కావాలో కోరుకో' అనడంలో విశేషం సగం పోతుంది. సంగీతం మనిషి దగ్గరే ఉండాలి, ఎదుటివాళ్ల సొత్తు కాకూడదు. కథంతా నిలబడింది దానిమీదే.

నేనైతే 'యక్షులు' అంటాను. ఓర్ఫియో ఒక బండ లోపలికి దూరి మూడు మైళ్లకు పైగా నడిస్తే, గుట్టలూ మిట్టలూ లేని పచ్చటి నేల వస్తుంది. అక్కడ స్ఫటికంలా మెరిసే కోట, ఎర్రబంగారు కట్టడాలు, రాత్రిపూట కూడా వెలుగు తగ్గనివ్వని మణులు. అలకాపురి గుర్తురాలేదూ?

కోట లోపల ఉన్నవాళ్లను చూడండి. తల లేనివాళ్లు, నీట మునిగినవాళ్లు, మంటల్లో కాలినవాళ్లు, అన్నం తింటుండగా ఊపిరాడకపోయినవాళ్లు. 'చచ్చారనుకున్నారు గానీ చావలేదు' అంటాడు కవి. వాళ్ల మధ్య చెట్టు కింద హ్యూరోడిస్ నిద్రపోతూ ఉంటుంది. ఇది చదివితే నాకు ఎర్రన అరణ్యపర్వంలో మడుగు ఒడ్డున పడి ఉన్న నలుగురు పాండవులే కనిపిస్తారు. పోయారనుకున్నవాళ్లు తిరిగి లేచింది యక్షుడి దగ్గరే. అక్కడ ధర్మరాజు జవాబులు చెప్పి తమ్ముళ్లను దక్కించుకున్నాడు, ఇక్కడ ఓర్ఫియో పాటతో భార్యను దక్కించుకున్నాడు.

ఇక క్రియ సంగతి. 'అపహరించారు' అంటే రావణుడు వచ్చి కూర్చుంటాడు. అంతకంటే ముఖ్యం, గ్రీకు కథలో ఆర్ఫియస్ భార్య యూరిడిసీ పాముకాటుకు చనిపోతుంది. ఈ గేయంలో రాణికి చావు ఊసే లేదు, అది కెల్టిక్ పద్ధతి. ఐర్లండ్ కథల్లో మిదిర్ అనే మాయాజాతివాడు రాణి ఏటయిన్ కోసం టారా రాజభవనానికి వస్తాడు. చుట్టూ సాయుధులు కాపలా ఉన్నా, ఆమెను పట్టుకుని ఇంటికప్పు కంతలోంచి పైకి లేచిపోతాడు. బయటివాళ్లకు రెండు హంసలు మాత్రం కనిపిస్తాయి. హ్యూరోడిస్ చుట్టూ కూడా వెయ్యిమంది యోధులున్నారు, అయినా వాళ్ల నడుమనుంచే మాయమైంది. కాబట్టి 'రాణి పోయింది' అని ఎక్కడా పడనీయకండి, చనిపోయిందనే అర్థం వస్తుంది. 'ఎత్తుకుపోయారు' చాలు.

ఇంకొకరు: యక్షులంటే ధనానికి కాపలా కాసేవాళ్లన్న భావం బలంగా ఉంది. వీళ్లేమో కొమ్ములూదుతూ వేటకు తిరుగుతారు, నాట్యం చేస్తారు. ఆ లోకం మనది కాదు. 'ఫెయిరీలు' అనే ఉంచేస్తే నష్టమేంటి?

జవాబు: నష్టం ఉందండీ. తెలుగులో ఫెయిరీ అంటే ఇవాళ పిల్లల బొమ్మల పుస్తకంలో రెక్కలున్న చిన్న పాప. ఈ గేయంలో వేటకు వచ్చిన గుంపు ఏ జంతువునూ పట్టకుండానే ఎటో వెళ్లిపోతుంది. అడవిలో భార్యాభర్తలు ఎదురుపడతారు, ఒక్క మాట కూడా రాదు. అతని దురవస్థ చూసి ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటే, తోటి స్త్రీలు వెంటనే ఆమెను తీసుకుపోతారు. ఆ భయం 'ఫెయిరీ'లో రాదు. పైగా ఆ కవి కూడా కథను ఇలాగే తన దేశానికి తెచ్చుకున్నాడు. గ్రీకు కథలోని థ్రేస్ అనే ఊరు మన ఇంగ్లండ్ వించెస్టరే, అప్పట్లో దాని పేరు అదీ అని నిస్సంకోచంగా రాశాడు. అయితే వించెస్టర్‌ను మీరు మార్చకండి, అది ఆయన చేసుకున్న ఏర్పాటు.

ప్రశ్న వేసినవారు: యక్షులకే మొగ్గుతున్నాను. మరి ఆమె నిద్రపోయిన 'ఇంప్ ట్రీ'కి?

జవాబు: అంటు కట్టిన చెట్టు. 'అంటుచెట్టు' అనేయండి, పల్లెల్లో అందరికీ తెలుసు. ఏ చెట్టో కవి చెప్పలేదు, మీరూ చెప్పొద్దు. 'అంటుమామిడి' అంటే మామిడితోట దిగుతుంది. ఎండపూట చెట్టు కింద పడుకుంటే 'గాలి సోకుతుంది' అని మన పెద్దవాళ్లు కసరడం మీ పాఠకులకు తెలుసు, కాబట్టి ఫుట్‌నోట్ అక్కర్లేదు. ఆమె లేచి ముఖం రక్కుకుంటూ కేకలు పెట్టే చోట మాత్రం 'గాలి సోకినట్టు' అని వాడుకోవచ్చు. ఆ మూడు పాదాలు నేనిలా రాస్తాను, నచ్చితే తీసుకోండి:

కాపున్నవారి నట్టనడుమ నుండి
రాణిని యక్షులు ఎత్తుకుపోయిరి;
ఏమాయెనో ఎవ్వరికి తెలియదాయె.